కుళ్లాయి కిరీటమేనా?

ఓస్తియా రేవులో ధాన్యం కొలిచే త్రోఫిమస్‌కు ముప్పై ఎనిమిదో ఏట యజమాని స్వేచ్ఛ ఇవ్వబోతే అతను దాన్ని చేత్తో తోసేశాడు. న్యాయాధికారి ముందు, పట్టపగలు, నలభైమంది చూస్తుండగా జరిగింది. ఎందుకు తోసేశాడో తోసినవాడికి తప్ప అందరికీ తెలిసిపోయింది. కొందరు పొగరన్నారు. కొందరు గొరిగిన తలకు ఎండ తగిలిందన్నారు. సెప్టెంబరు ఎండ మరీ అంత లేదు.

యజమాని నుమీసియస్ ఇంట్లో బానిసను విడిపించే పద్ధతి తాతల నాటి నుంచి ఒకటే. ముందు తల నున్నగా గొరిగిస్తారు. న్యాయాధికారి ముందు నిలబెట్టి, యజమాని తన చేతులతో తెల్ల ఉన్ని కుళ్లాయి పెడతాడు. తరువాత బానిస కుడి చెయ్యి పట్టుకుని, "ఈ మనిషి స్వేచ్ఛగా ఉండాలని నా కోరిక" అంటాడు. భటుడు బెత్తంతో భుజం తాకుతాడు. యజమాని అతన్ని ఒకసారి చుట్టూ తిప్పి చెయ్యి వదిలేస్తాడు. వదిలిన క్షణం నుంచి అతను స్వతంత్రుడు. అంతకు ముందు క్షణం దాకా కాదు.

త్రోఫిమస్ విషయంలో పని కుళ్లాయి దాకా వచ్చి ఆగిపోయింది. ఉన్ని తలకు తగిలీ తగలగానే అతని కుడి చెయ్యి పైకి లేచింది. వేళ్ల వెనుక వైపుతో కుళ్లాయిని ఎడమ భుజం మీదికి తోసింది. అది భుజం మీద ఒక్క క్షణం నిలబడి నేల మీద పడింది. "నాకొద్దు" అని నోరు చెప్పింది. చెయ్యీ నోరూ రెండూ అతనివే అని అతనికి కాస్త ఆలస్యంగా తెలిసింది.

న్యాయాధికారి నుమీసియస్ వంక చూశాడు. "ఏమయ్యా, వీడికి ముందు చెప్పి తీసుకురాలేదా?"

"చెప్పానండీ. వారం నుంచి ఇంట్లో అదే మాట."

"వద్దంటున్నాడుగా. తీసుకెళ్లు. తరువాత ఎవరు?"

నుమీసియస్ ఒంగి కుళ్లాయి తీసుకుని దుమ్ము దులిపాడు. వీధి గుమ్మం దగ్గర ఆగి అడిగాడు.

"ఎందుకురా?"

"చెప్పలేను దొరా."

"చెప్పలేవా, చెప్పవా?"

"చెప్పకూడదు దొరా."

"సరే," అన్నాడు నుమీసియస్ చాలా మామూలు గొంతుతో. "చలికాలం పోయాక మార్చిలో ఓడలకు సముద్రం తెరుస్తారు. మొదటి ఓడలో ఆఫ్రికాకి పో. ఉటికా దగ్గర మన పొలం ఉంది. అక్కడ నీ నెత్తిన ఎవడూ ఏదీ పెట్టడు."

ఉటికా పొలానికి వెళ్లినవాళ్లెవరూ తిరిగి రాలేదు. నుమీసియస్ చెడ్డవాడని కాదు. వాళ్లను తిరిగి పిలిపించాలని ఎవరికీ గుర్తుండేది కాదు.

త్రోఫిమస్ చెప్పకూడదన్నది నిజమే. ఊరి చాకలి కాల్లినికస్ బట్టలుతికే తొట్ల వెనుక నేలమాళిగ ఒకటి ఉంది. లోపలివాళ్లు దాన్ని గుహ అంటారు. అటూ ఇటూ పొడుగాటి అరుగులు, చివర గోడ మీద ఎద్దును పొడుస్తున్న మిథ్రా దేవుడి బొమ్మ. నెలకు రెండు మధ్యాహ్నాలు ముప్పైమంది మగవాళ్లు ఆ అరుగుల మీద ఒరిగి కోడి మాంసం తింటారు. వాళ్లలో సుంకం అధికారులున్నారు, తాళ్లు పేనేవాళ్లున్నారు, పదవీ విరమణ చేసిన సిపాయిలున్నారు, బానిసలున్నారు. అక్కడ ఎవడు ఎవడన్నది గుమ్మం బయట వదిలేసి రావాలి. లోపల ఏడు మెట్లు. అందరికన్నా కింద కాకులు. వాటి మీద పెళ్లికూతుళ్లు, ఆ మీద సైనికులు, ఆ మీద సింహాలు. అలా పైకి పోతే చివర తండ్రి. తండ్రి కాల్లినికస్. ఆయన దగ్గర ఎప్పుడూ బట్టలు తెల్లబరిచే గంధకం వాసన, దాని అడుగున ఉతకడానికని ఊరి జనం చేత వీధి మూలల జాడీల్లో పోయించే మూత్రం వాసన. కోటీశ్వరులు కూడా ఆయన్ని "నాన్నగారూ" అంటారు.

త్రోఫిమస్ ఏడేళ్లుగా సైనికుడు. నుమీసియస్ మూడేళ్లుగా కాకి.

నుమీసియస్ ఎందుకు చేరాడో దాచుకోలేదు. సుంకం అధికారులు అక్కడ భోజనం చేస్తారని విన్నాడు. వాళ్ల పక్కన ఒరగొచ్చనుకున్నాడు. కాకులు ఒరగవని, నల్ల ముక్కున్న తొడుగు వేసుకుని వడ్డించి, మధ్యమధ్య కావు కావుమనాలని చేరాకే తెలిసింది. మధ్యలో మానేస్తే మాట పోతుంది. అందుకని మూడేళ్లుగా నెలకు రెండుసార్లు తన బానిసకు రొట్టె వడ్డిస్తున్నాడు. లోపల పై మెట్టువాడు అన్న, కింది మెట్టువాడు తమ్ముడు.

"అన్నా, ఇంకో ముక్క వెయ్యమంటావా?" అనేవాడు ముక్కు తొడుగులోంచి.

"చాలు తమ్ముడూ," అనేవాడు త్రోఫిమస్, పైకి చూడకుండా.

బయటికి వచ్చాక ఇద్దరూ ఆ సంగతి ఎత్తేవారు కాదు. వీధిలో ఒకడు ముందు, ఒకడు నాలుగడుగుల వెనుక నడిచి ఇంటికి పోయేవారు.

సైనికుడి మెట్టెక్కేవాడి కళ్లకు గంతలు కట్టి తీసుకొస్తారు. గంతలు విప్పగానే ఎదురుగా కత్తి, కత్తి మొన మీద ఆకుల కిరీటం. దాన్ని తల మీద పెడతారు. ఏం చెయ్యాలో ముందుగా ఎవరూ చెప్పరు. చేత్తో భుజం మీదికి తోసేసి వద్దనాలి. దేవుడే నా కిరీటమని మనసులో అనుకోవాలి. ఆ రోజు నుంచి చచ్చేదాకా ఆ తల మీద ఎవరు కిరీటం పెట్టినా అదే చెయ్యాలి. ఈ సంగతి కింది మెట్టువాళ్లకు చెప్పనని ప్రమాణం.

ఏడేళ్లలో త్రోఫిమస్ తల మీదికి చాలా కిరీటాలు వచ్చాయి. ఇంట్లో పండుగలకు బానిసలకు కూడా పూల కిరీటాలు పెడతారు. అన్నీ తోసేశాడు. పూలు పడవు, తుమ్ములొస్తాయని చెప్పేవాడు. ఇంటిల్లిపాదీ నమ్మి, అతను గదిలోకి వస్తే గులాబీలు పక్కకు జరిపేవారు. కొన్నాళ్లకు గులాబీలు చూస్తే అతనికి నిజంగానే తుమ్ము వచ్చేది. ఈ సంగతి అతన్ని అప్పుడప్పుడు ఆలోచనలో పడేసేది.

తోసేసిన సంగతి విన్న థల్లూసా సాయంత్రం చేపలు వేయించడం ఆపలేదు. ఆమె రేవు దగ్గర వేయించిన చేపలమ్ముతుంది. పదేళ్లుగా త్రోఫిమస్‌తో కాపురం. ఆమెకు ఆరేళ్ల కిందటే వేరే ఇంట్లో స్వేచ్ఛ ఇచ్చారు.

"నాకు పెట్టినప్పుడు గాలికెక్కడ ఎగిరిపోతుందోనని రెండు చేతులా పట్టుకున్నా," అంది. "నువ్వేమో తోసేశావట."

"తొయ్యలేదు. చెయ్యి లేచింది."

"ఎవరి చెయ్యి?"

అతను పొయ్యిలోకి ఇంకో పుల్ల తోశాడు.

"ఆ చాకలాయన కొట్లో కూర్చుని చేసే పనులవల్లే ఇదంతా. ముసలాళ్లు కాకుల్లా అరుస్తారని వీధంతా తెలుసు. రహస్యమట, రహస్యం. కిటికీ ఉందిగా."

"అది గాలి కోసం."

"మాకూ వినబడేది గాలే," అంది థల్లూసా. చేప తిరగేసింది. "ఉటికాలో చేపలు దొరుకుతాయా?"

"పొలం సముద్రానికి దూరం."

"అయితే నేను రాను," అంది. తరువాత మొహం అటు తిప్పుకుని పొయ్యి ఊదింది. మంట బాగానే మండుతోంది.

మర్నాటి నుంచి త్రోఫిమస్ పనిలో తప్పు వెతకడానికి ఏమీ లేదు. కుంచం నింపేవాడు, అంచు మీద కర్ర లాగేవాడు, మిగిలిన గింజలు పక్కకు రాలేవి. ఇరవై ఏళ్లుగా చేస్తున్న పని. చెయ్యి తనంతట తనే చేస్తుంది. ఇప్పుడు మొదటిసారి ఆ చేతిని దూరం నుంచి చూస్తున్నాడు. నేను చెప్పకుండానే కర్ర లాగుతోంది కదా, మరి కుళ్లాయి కూడా నేను చెప్పకుండానే తోసిందా? అలా అనుకుంటే బాగానే ఉంటుంది. కానీ అతనికి ఒక విషయం గుర్తుంది. కుళ్లాయి భుజం మీద నిలబడ్డ ఆ ఒక్క క్షణం అతనికి చాలా హాయిగా అనిపించింది. దొర ఇస్తున్నదాన్ని, నలుగురిలో, వద్దన్నాడు. గుహలో రొట్టె చాలు తమ్ముడూ అన్నప్పటి హాయే. అయితే గుహలో అది నెలకు రెండుసార్లు ఉచితంగా దొరికేది. బయట దానికి ఉటికా చెల్లించాలి. చెయ్యి లేచాక హాయి కలిగిందా, హాయి కోసం చెయ్యి లేచిందా? కుంచం నిండింది. కర్ర లాగాడు. గింజలు రాలాయి.

గుహలో సైనికులూ ఆ పైవాళ్లూ మాత్రమే కూర్చున్న రోజున కాల్లినికస్‌కు అంతా చెప్పాడు, ఆ హాయి సంగతి తప్ప.

కాల్లినికస్ చాలాసేపు మెడ గోక్కున్నాడు. "ఆకులు గుచ్చుకుంటాయి. ఉన్ని దురద పెడుతుంది. ఈ తేడా నీ తలకి తెలీదురా?"

"ఆ క్షణంలో తెలీలేదు నాన్నగారూ."

"అసలు కుళ్లాయి కిరీటమేనా?" అని ఒక సింహం అడిగాడు. ఆయన బయట తాళ్లు పేనేవాడు. దీని మీద గంటసేపు వాదన నడిచింది. తల చుట్టూ ఉంటే కిరీటమని ఒకరు, గౌరవం కోసం పెట్టేదేదైనా కిరీటమేనని ఒకరు. వానకు కప్పుకునే గోనెసంచి సంగతేమిటని ఇంకొకరు. చివరికి కాల్లినికస్ దీపం తీసుకుని గోడ దగ్గరికి పోయి దేవుడి మొహం మీద వెలుగు పడేలా పైకెత్తాడు.

"దేవుడి నెత్తి మీద ఏముంది?"

అందరూ చూశారు. కుళ్లాయి ఉంది. కొంచెం ముందుకు వంగిన ఎర్ర కుళ్లాయి. ఏళ్ల తరబడి దాని కింద కూర్చుని కోడి తిన్నారు గాని, చూసినవాడు ఒక్కడూ లేడు.

"దేవుడు పెట్టుకున్నది సైనికుడు తొయ్యనక్కర్లేదు," అని తీర్పు చెప్పాడు కాల్లినికస్. "కిరీటం కాదు. నువ్వు తప్పు చేశావు. దొరని మళ్లీ అడుగు."

"ఎందుకు తోశానో చెప్తే గాని దొర వినడు. చెప్పొచ్చా?"

"ఆయన కాకి కదరా."

"మీరైనా చెప్పండి."

"నేను చెప్పినా కాకి కాకే," అన్నాడు కాల్లినికస్ విచారంగా. ప్రమాణం ఆయన పెట్టింది కాదు. అందుకే ఆయనకు దాని మీద అంత పట్టుదల.

తరువాతి భోజనానికి నుమీసియస్ రొట్టెల పళ్లెం పట్టుకుని తండ్రి ముందు ఆగాడు. "నాన్నగారూ, ఒక్క మాట. నా బానిస, అదే, మా అన్నగారు, నా పరువు ఎందుకు తీశారో మీకు తెలుసని నా అనుమానం."

"తెలుసు."

"చెప్పండి మరి."

"రెండు మెట్లెక్కు. తెలుస్తుంది."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"మంచివాడికైతే ఆరేళ్లు."

నుమీసియస్ ముక్కు తొడుగు పైకి చూసింది. "పైకప్పు ఆ మూల కారుతోంది. మావాళ్లను పంపిస్తాను. మార్చి లోపల అవుతుందా?"

కాల్లినికస్ కూడా పైకి చూశాడు. నాలుగేళ్లుగా కారుతున్న కప్పు అది. "శ్రద్ధ ఉన్నవాడికి తొందరగానే అవ్వొచ్చు," అన్నాడు.

నవంబరులో నుమీసియస్ పెళ్లికూతురయ్యాడు. యాభై రెండేళ్ల మనిషి, బొజ్జ, నెత్తి మీద పసుపు ముసుగు, చేతిలో దీపం. అరుగుల మీది ముప్పైమందీ ఆచారం ప్రకారం పెళ్లికూతురికి స్వాగతం పలికారు. ఎవరూ నవ్వలేదు. అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆ ముసుగు వేసుకున్నవాళ్లే. ముసుగు దించేటప్పుడు నుమీసియస్ కళ్లు త్రోఫిమస్ మీద పడ్డాయి. ఆ చూపులో కోపం కన్నా పట్టుదల ఎక్కువ కనిపించింది. నన్ను ఇంత దూరం రప్పించావుగా, ఆ కారణం గొప్పదై ఉండాలి అన్నట్టుంది. కారణం అంత గొప్పది కాదని త్రోఫిమస్‌కు తెలుసు. ఆ చలికాలమంతా అతన్ని ఎక్కువగా భయపెట్టింది ఇదే.

ఈలోగా బయట నుమీసియస్ ఇంకో పని పెట్టుకున్నాడు. తను వెళ్లిన ప్రతి విందులోనూ ఆ కథ చెప్పేవాడు. "కుళ్లాయి పెట్టానా, వాడు ఇదిగో, ఇలా," అని కుడి చెయ్యెత్తి, వేళ్ల వెనుక వైపుతో, లేని కుళ్లాయిని ఎడమ భుజం మీదికి తోసి, ముక్కుతో "నాకొద్దు" అనేవాడు. అందరూ పడీపడీ నవ్వేవారు. పళ్లేలు తీస్తూ త్రోఫిమస్ కూడా చూసేవాడు. దొర బాగా చేసేవాడు. మొదట్లో దొర మణికట్టు బిగుసుకునేది. జనవరి వచ్చేసరికి అది కూడా సాఫీ అయింది.

ఫిబ్రవరి ఆఖరులో, ఓడలకు తారు పూస్తున్న రోజుల్లో, నుమీసియస్ సైనికుడయ్యే రోజు వచ్చింది. కత్తి పట్టే పని త్రోఫిమస్‌కు పడింది. కాల్లినికస్ కావాలనే ఇచ్చాడో, వంతు ప్రకారం వచ్చిందో ఎవరూ అడగలేదు. కత్తి పట్టినవాడు సైగ చేస్తే, నోరు విప్పితే, మెట్టు చెల్లదు. ఇద్దరూ కిందికి పోతారు. తోసెయ్యకుండా కిరీటం ఉంచుకున్నవాడు మళ్లీ కాకి అవుతాడు. ఇంకో అవకాశం ఉండదు. మొదటి ఓడ ఇంకో తొమ్మిది రోజుల్లో.

గంతలు విప్పారు. నుమీసియస్ కళ్లు చికిలించి కత్తిని చూశాడు, కత్తి పట్టినవాణ్ని చూశాడు, మొన మీద కిరీటాన్ని చూశాడు. త్రోఫిమస్ దాన్ని తీసి దొర తల మీద పెట్టాడు. ఇరవై ఏళ్లుగా ఈ మనిషిని ఎరుగుదును అనుకున్నాడు. ఎవరేమిచ్చినా ఈ మనిషి వద్దన్నది చూడలేదు. పక్కింటి పెళ్లిలో మిగిలిన అత్తిపళ్లు కూడా మూట కట్టించుకున్నాడు. కిరీటం ఉంచుకుంటాడు. కృతజ్ఞతలు కూడా చెప్తాడు.

నుమీసియస్ మొహంలో నిజంగానే చిన్న సంతోషం కనిపించింది. మూడేళ్లు పళ్లేలు మోసినందుకు ఇన్నాళ్లకు ఒకటి ఇచ్చారు. కిరీటాన్ని సరిచేసుకోడానికి కుడి చెయ్యెత్తాడు. చెయ్యి తల దాకా పోయింది. అక్కడ ఏదో తగిలింది. చలికాలమంతా ఆ ఎత్తున చెయ్యి చేసిన పని ఒకటే. వేళ్ల వెనుక వైపుతో కిరీటాన్ని ఎడమ భుజం మీదికి తోసింది. "నాకొద్దు," అంది నోరు, ముక్కుతో.

కిరీటం నేల మీద పడింది.

నుమీసియస్ తన చేతిని చూసుకున్నాడు. తరువాత త్రోఫిమస్‌ను చూశాడు. దీపం వెలుగులో ఆ పెద్ద మొహం మీద అర్థం నెమ్మదిగా పాకింది.

"ఓరి నీ..." అన్నాడు. ఆగి సర్దుకున్నాడు. "ఇదా?"

"ఇదే," అన్నాడు త్రోఫిమస్.

"ఇంతేనా?"

"ఇంతే."

"దీనికోసం నేను పెళ్లికూతుర్నయ్యానా?"

"తమ్ముడూ, ప్రమాణం ఇంకా మిగిలే ఉంది," అన్నాడు కాల్లినికస్.

బయటికి వచ్చాక నుమీసియస్ నాలుగడుగులు ముందు నడవలేదు. పక్కనే నడిచాడు. ఇద్దరూ ఇప్పుడు ఒకే మెట్టు. ఏమని పిలుచుకోవాలో తేలకుండానే సగం వీధి దాటారు.

"ఇకనుంచి విందుల్లో నాకు పూల కిరీటం పెడితే ఏం చెయ్యాలి?" అని అడిగాడు చివరికి.

"తుమ్ములొస్తాయని చెప్పండి."

"నీకూ అందుకేనా?" నుమీసియస్ కొంచెం నవ్వి ఆపాడు. "ఒకటి చెప్పరా. నా చెయ్యి తోసినప్పుడు నేనేం అనుకోలేదు. అదంతట అదే తోసింది. నీకూ అంతేనా?"

త్రోఫిమస్ అవునని అనబోయాడు. ఆ హాయి గుర్తొచ్చింది. "చాలా వరకు," అన్నాడు.

నుమీసియస్ ఆ మాటను కాసేపు మోసుకుని నడిచాడు.

ఓడ బయలుదేరడానికి మూడు రోజుల ముందు మళ్లీ న్యాయాధికారి ముందు నిలబడ్డారు. జనం వందమంది దాకా వచ్చారు. థల్లూసా చేపల పెనం చల్లారబెట్టి వచ్చి ముందు వరసలో నిలబడింది. న్యాయాధికారి త్రోఫిమస్ గొరిగిన తలను చూసి గుర్తుపట్టాడు.

"మళ్లీ వీడేనా? ఈసారి కింద పడితే ఇంక నా ముందుకు తేవద్దు."

నుమీసియస్ కుళ్లాయి పెట్టాడు. పెట్టీ పెట్టగానే త్రోఫిమస్ కుడి మణికట్టును గట్టిగా పట్టుకున్నాడు. పట్టుకోవడం మంచిదే అయింది. ఆ మణికట్టు అప్పటికే పైకి లాగుతోంది.

"ఈ మనిషి స్వేచ్ఛగా ఉండాలని నా కోరిక." భటుడు బెత్తంతో తాకాడు. నుమీసియస్ అతన్ని చుట్టూ తిప్పాడు, మణికట్టు వదలకుండానే. అందుకని తనూ సగం తిరగాల్సి వచ్చింది.

"ఇక చెయ్యి వదులు," అన్నాడు న్యాయాధికారి.

నుమీసియస్ వదల్లేదు.

"వదలవయ్యా. వదిలితేనే వాడు స్వతంత్రుడు. చట్టం అది."

"తెలుసండీ," అన్నాడు నుమీసియస్. చెమట పట్టింది. తల వంచి త్రోఫిమస్ చెవిలో అడిగాడు. "వదిలితే ఏం చేస్తావు?"

త్రోఫిమస్ లోపలికి చూసుకున్నాడు. దేవుడి నెత్తి మీద కుళ్లాయి ఉందని తెలుసు. ఉటికా పొలం సముద్రానికి దూరమని తెలుసు. థల్లూసా పెనం చల్లారిపోయిందని తెలుసు. ఇవన్నీ తలకు తెలుసు. చేతికి ఏం తెలుసో అతను చెప్పలేడు.

"తెలీదు దొరా," అన్నాడు.

నుమీసియస్ ఈ జవాబు విని, ఎందుకో, తల ఊపాడు. వేళ్లు ఒక్కొక్కటే సడలించి చెయ్యి వదిలేశాడు.

చెయ్యి పైకి లేచింది. న్యాయాధికారి కలం కింద పెట్టాడు. చెయ్యి చెవి దాటింది, కణత దాటింది, కుళ్లాయి అంచు దగ్గరికి చేరింది. అక్కడ ఒక్క క్షణం ఆగింది. తరువాత రెండు వేళ్లు అంచు కిందికి దూరి, గొరిగిన తలను గట్టిగా, తృప్తిగా, చాలాసేపు గోక్కున్నాయి.

ఉన్ని నిజంగానే దురద పెడుతోంది.

"అయిందా?" అన్నాడు న్యాయాధికారి.

"అయిందండీ," అన్నాడు త్రోఫిమస్. చెయ్యి కిందికి దించాడు. కుళ్లాయి ఒక పక్కకు కాస్త ముందుకు వంగి అలాగే ఉండిపోయింది.

"తరువాత ఎవరు?" అన్నాడు న్యాయాధికారి.